హాజరైనట్టా, కానట్టా

కరుణాకరం మేష్టరు పేరులో కరుణ ఉండేది. మనిషిలో ఎక్కడుందో పన్నెండేళ్లు వెతికినా ఆ ఊరికి దొరకలేదు. మార్కాపురానికీ గిద్దలూరుకీ నడుమ రైలాగే చిన్న పట్నం అది. మద్రాసు సర్కారు రోజులు. అక్కడి బోర్డు హైస్కూల్లో ఆయన అయిదో ఫారం పిల్లలకు చరిత్ర, పౌరశాస్త్రం చెప్పేవాడు. పాఠం రానివాణ్ని బెత్తంతో కొట్టేవాడు కాదు, మాటతో కోసేవాడు. ఊరికి ఆయనంటే పడదు, ఆయనకు ఊరంటే పడదు. ఇద్దరికీ రాజీ కుదిరింది ఈ ఒక్క విషయంలోనే.

ఆ కోపం ఊరికే పుట్టలేదు. ఆయన ఆ ఊరి బయట, అంటరానివాళ్లుండే పాలెంలోనే పుట్టాడు. మిషను బడిలో చదివి, గుంటూరు పోయి బి.ఏ. చేసి, కోటు తొడుక్కుని మేష్టరై తిరిగి వచ్చాడు. ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు గనక కాపురం పాలెంలోనే, తల్లి మణెమ్మ దగ్గర. పాలెంలో బావి లేదు. తెల్లారితే మణెమ్మ కుండ పట్టుకుని ఊరిబావి దగ్గరికి పోవాలి, గిలకకు ఆమడ దూరాన నిలబడాలి, చేదుకునేవాళ్లలో ఎవరికో దయ పుట్టి నీళ్లు పోసేదాకా ఎదురు చూడాలి. అదే వేళకు కొడుకు బళ్లో 'పౌరుల హక్కులు' అని నల్లబల్ల మీద రాస్తుంటాడు. ఎవరికి మండదు చెప్పండి.

పాలెంలో బావికి సర్కారు డబ్బు మంజూరు చేసి చాలా కాలమైంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి రంగయ్య, పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు. పలకల వ్యాపారం ఆయనది. ఊరి బయట పలకరాయి గని, బజారులో పెద్ద కొట్టు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆయన మాట ఎంత మెత్తనైతే ఎదుటివాడికి అంత చేటు. ఆ ఏడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. బావి డబ్బు తీసి బజారు వీధికి బండలు పరిపించాలని. బండలు ఎవరి గనిలోవో వేరే చెప్పాలా.

ఆ తీర్మానం ప్యాసైతే పాలేనికి ఇక బావి లేనట్టే. కరుణాకరానికి ఆ సంగతి తెలిసిన రోజున అయిదో ఫారంలో 'స్థానిక స్వపరిపాలన' పాఠం వచ్చింది.

"పుస్తకాలు మూయండి. ఇందులో రాసిందంతా అబద్ధం. నిజమేందో బయట చూద్దాం," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పిల్లలందరినీ ఊరిబావి దగ్గరికి తీసుకుపోయి, కుండలతో నిలబడ్డ పాలెం ఆడవాళ్ల వరసలో నిలబెట్టాడు. తాడు ముట్టకూడదు, అడగకూడదు, ఎవరైనా పోస్తేనే తాగాలి, అదీ పాఠం. పాఠం అడ్డం తిరిగింది. షావుకార్ల బిడ్డలు, కరణాల బిడ్డలు ఎండలో నిలబడ్డారని చూసి బావి దగ్గరున్నవాళ్లంతా చెంబులతో పరిగెత్తుకొచ్చారు. "అయ్యో నాయనా, దాహమేసిందా," అని ఒకరిని మించి ఒకరు పోశారు. పిల్లలు కడుపునిండా తాగారు. వాళ్ల వెనక మణెమ్మ కుండ ఖాళీగానే ఉంది.

"చూసినారు గదా. ఈ ఊళ్లో నీళ్లకు కూడా మనిషిని గుర్తుపట్టే కళ్లుంటాయి," అన్నాడు కరుణాకరం. ఆయన నవ్వలేదు. పిల్లలూ నవ్వలేదు.

ఆ సాయంత్రానికి ఊరు అగ్గిమీద గుగ్గిలమైంది. మా పిల్లల్ని పాలెం వాళ్ల వరసలో నిలబెడతాడా అని బడి మీదికి పోయారు. చదువు చెప్పమంటే కులం చెడగొడుతున్నాడన్నారు. పంచాయతీ మీటింగు ఎవరైనా వచ్చి చూడవచ్చని చట్టంలోనే ఉంది గనక, వచ్చే సోమవారం అక్కడికి పోతున్నామని కరుణాకరం పిల్లలకు చెప్పాడు.

బోర్డులో సగంమంది సభ్యులు రంగయ్యకు పగవాళ్లు. కక్ష కొద్దీ మీటింగుకే రారు. మిగిలినవాళ్లతో కోరం కావాలంటే ఒక్క తల తక్కువ. ఆ తల యల్లయ్యది. పాలెం తరఫున సర్కారు నియమించిన సభ్యుడతను, రంగయ్య గనిలో రాయి కొట్టే కూలీ కూడాను. మీటింగు రంగయ్య కొట్టు అరుగు మీద జరిగేది. అందరూ అరుగు మీద కూర్చుంటే యల్లయ్య కింద వీధిలో, మురుక్కాలవ పక్కన నిలబడేవాడు. గుమాస్తా పుస్తకం కిందికి తెస్తే వేలుముద్ర వేసి, సిరా తలగుడ్డకు తుడుచుకుని పోయేవాడు. పైన ఏం చదివారో ఆయనకు వినపడేది కాదు. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు, యల్లయ్యతో సహా.

సోమవారం పిల్లల్ని చూసి రంగయ్య నవ్వాడు. "ఏంది మేష్టరూ, పిల్లోళ్లను తోలుకొచ్చినావు. ఇదేమన్నా తిరునాళ్లా?"

"పాఠానికండీ. మీరు చేసేదే వీళ్లకు పాఠం."

పిల్లల్లో తన చెల్లెలి కొడుకు తిరుపతయ్య కూడా ఉన్నాడు. వాణ్ని చూసి రంగయ్య మురిసిపోయాడు. "చూడండి, బాగా చూడండి. మా అల్లుడు రేపు కూర్చోబోయేది ఈ కుర్చీలోనే."

గుమాస్తా పేర్లు పిలిచాడు. చివర యల్లయ్య పేరు వచ్చింది. కింద కాలవ పక్కనుంచి "ఉన్నా సామీ" అని వినిపించింది. బండల తీర్మానం చదివారు. అంతలో తిరుపతయ్య బళ్లో లేపినట్టు చెయ్యెత్తాడు.

"మామా, ఒక సందేహం. యల్లయ్య హాజరైనట్టా, కానట్టా?"

"హాజరే గదరా. పలికినాడు గదా."

"హాజరైతే సభలో కూర్చోవాల గదా మామా, మాట్లాడాల గదా. వీధిలో నిలబడితే మా మాదిరి చూసేదానికి వచ్చినట్టు. అప్పుడు కోరం చాలదు. సార్ చెప్పినాడు."

వాడికి మేనమామను ఇరికించాలని లేదు. మార్కుల పిచ్చివాడు, పాఠంలో ఒక లెక్క కుదరలేదు, అడిగాడు. కరుణాకరం పన్నెండేళ్లుగా అడగాలనుకుని నోరు రాని మాటను ఈ షావుకారు బిడ్డ అడిగేశాడు. ఆ క్షణాన ఆయనకు వాడిమీద అసూయ కూడా కలిగింది.

రంగయ్య మొహం మారలేదు. "నిజమే. చదువుకున్న పిల్లోడు చెప్పినాక ఇనాల గదా. రా యల్లయ్యా, పైకి రా. వచ్చి నా పక్కన కూర్చో," అన్నాడు, చాలా మెత్తగా.

ఆ మెత్తదనం యల్లయ్యకు తెలుసు. ఆయన మెట్టు దాకా వచ్చాడు. ఆ మెట్టు బండ కూడా తాను కొట్టిందే. ఒక కాలు ఎత్తబోయి ఆపాడు. రంగయ్య వంక చూశాడు, కరుణాకరం వంక చూశాడు, తలగుడ్డ తీసి చంకన పెట్టుకున్నాడు.

"నేను రాలేదు సామీ," అన్నాడు. "ఈ పూట నేను రానే లేదు."

అట్లాగే వెనక్కి తిరిగి పాలెం వైపు పోయాడు. కోరం లేక మీటింగు ఆగింది.

గెలిచామనుకోవాలి నిజానికి, బండల తీర్మానం ప్యాస్ కాలేదు గనక. కరుణాకరానికి మాత్రం గెలిచినట్టు లేదు. యల్లయ్య మీదే కోపం వచ్చింది. ఒక్క మెట్టు ఎక్కలేకపోయాడే అని ఇంటిదాకా తిట్టుకుంటూ పోయాడు. కోటు వేసుకున్నవాడికి మెట్టు ఎప్పుడూ తేలికే, ఆ ముక్క ఆయనకు తట్టలేదు.

రంగయ్య ఎవర్నీ ఒక్క మాట అనలేదు. మర్నాటినుంచి గనిలో యల్లయ్యకు పని లేదు. ఊరిబావి దగ్గర పాలెం ఆడవాళ్లకు నీళ్లు పోసే చేతులు లేకుండా పోయాయి. మణెమ్మా మిగతావాళ్లూ వాగులో చెలమలు తీసి, బురదనీళ్లు గుడ్డకు వడగట్టుకుని తెచ్చుకున్నారు. పాలెం పాలెమంతా కరుణాకరాన్ని చూసి మొహం తిప్పుకుంది.

"నీ చదువు మాకు బావి తెస్తాదనుకుంటి," అంది మణెమ్మ. "ఉన్న కడివెడు నీళ్లు కూడా పోగొట్టినావు గదరా నాయనా."

యల్లయ్య కరుణాకరానికి వరసకు మామ. ఆయనయితే ఇంటి మీదికే వచ్చాడు. "నీకు నెలనెలా జీతమొస్తాది. నాకేమొస్తాది అల్లుడా? నీ పిల్లోళ్ల పాఠానికి నేనే దొరికినానా?"

కరుణాకరం సర్దిచెప్పే మనిషి కాడు. ఆయనకూ తిక్క రేగింది. "పో మామా, పో. పోయి ఆయన కాళ్లు పట్టుకొని ఏలిముద్ర ఎయ్యి. నువ్వు లేకపోతే ఆడ మీటింగే లేదు. మీటింగులు వరసగా తప్పితే సర్కారు బోర్డును రద్దు చేస్తాది, ఆయన కుర్చీ పోతాది. అంత పెద్ద మనిషివి నువ్వు. నీకే తెలవదు."

యల్లయ్య తన బొటనవేలి వంక ఒకసారి చూసుకుని పోయాడు.

తర్వాతి మీటింగు తప్పిపోయింది. యల్లయ్యకు జ్వరమన్నారు. ఆ తర్వాతిదీ తప్పింది. ఈలోగా కరుణాకరానికి కోయిలకుంట్లకు బదిలీ కాగితం వచ్చింది. ఊళ్లో కొందరు ఆ పూట బెల్లం పంచుకున్నారు. "నేను రాను. నువ్వు పోయినాక ఎవరన్నా జాలిపడి నీళ్లు పోస్తారేమో," అంది మణెమ్మ. ఆ మాట ఆయనకు దెబ్బలా తగిలింది.

పోయే రోజు కూడా సోమవారమే, మీటింగు రోజు. ఎద్దులబండిలో పెట్టె వేసుకుని కరుణాకరం పాలెం మలుపు దగ్గరికి వచ్చేసరికి, యల్లయ్య తన అరుగు మీద కూర్చుని జనపనార తాడు పేనుతున్నాడు. పాలెం బయట, పేడకుప్పల దగ్గర రంగయ్య గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. బంట్రోతు వచ్చి రెండుసార్లు పిలిచినా యల్లయ్య కదలకపోతే ఆయనే స్వయంగా రావలసి వచ్చింది. ఈ ఒక్క మీటింగు కూడా తప్పితే కుర్చీ తప్పినట్టే.

"యల్లయ్యా, నేనే వచ్చినా. ఇంక లెయ్యి," అన్నాడు అక్కడినుంచే. లోపలికి అడుగు పెడితే మైలపడతాడు మరి.

యల్లయ్య తాడు మీదినుంచి తల ఎత్తలేదు. బండిలో ఉన్న కరుణాకరాన్ని అడిగాడు.

"అల్లుడా, నువ్వు చదువుకున్నోడివి, చెప్పు. పాలెం బయట నిలబడినోడు పాలేనికి వచ్చినట్టా, రానట్టా?"

కరుణాకరం బండిలోంచి ముందుకు వంగాడు. "రానట్టే మామా."

"అయితే ఆయన రాలేదు. నేను ఎవరితో మాట్లాడాల?"

రంగయ్య చుట్టూ చూశాడు. గడపల్లో ఆడవాళ్లు ఖాళీ కుండలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కంటికి ఎదురుగా స్టేషను దారి, దాని మీద ఊరివాళ్లు ఆగి చూస్తున్నారు. గొడుగు మూశాడు. చెప్పులు ఒకసారి నేలకు రుద్ది, పాలెంలోకి నడిచి యల్లయ్య అరుగు ముందు నిలబడ్డాడు. కూర్చోలేదు.

"ఏం కావాలరా నీకు?" మొదటిసారి ఆ గొంతులో మెత్తదనం లేదు.

"బావి. ఈ పొద్దు మొదటి తీర్మానం అదే రాయించాల. బండలది నాకు తెలవదు."

రంగయ్య పళ్లు కొరికాడు. "రాయిస్తా. నడువు."

యల్లయ్య తాడు చుట్టచుట్టి భుజాన వేసుకుని లేచాడు. బండి పక్కనుంచి పోతూ, "నువ్వు చెప్పినావని కాదు. నీ మీద నాకింకా కోపమే," అన్నాడు. కరుణాకరం బండి దిగాడు. రైలు కూత వేస్తోందని బండివాడు అరుస్తున్నా వినకుండా వాళ్ల వెనకే బజారుకు నడిచి, ఇదివరకు పిల్లలు నిలబడ్డచోట నిలబడ్డాడు.

గుమాస్తా పేర్లు చదివాడు. చివరికి యల్లయ్య పేరు వచ్చింది. ఈసారి జవాబు అరుగు మీదినుంచి వచ్చింది.

"ఉన్నా."

వెనక సామీ లేదు. గుమాస్తా దానికోసం ఒక క్షణం ఆగి, కలం సిరాలో ముంచి బావి తీర్మానం రాయడం మొదలుపెట్టాడు.