ఉల్లిగడ్డల బండి మీద బాపు గొంతు

నోటిని చేసి, ఆ నోటిలో మాట పెట్టి, ఆ మాట ఎంత దూరం పోవాలో తానే నిర్ణయించే దేవునికి స్తోత్రం. పంపినవాడూ ఆయనే, తిరిగి పిలుచుకునేవాడూ ఆయనే. ఆయన పిలిచినప్పుడు పలకకుండా ఉండగలిగినవారు లేరు. మరే గొంతు పిలిచినా, పలకాలా వద్దా అని ఆగి చూసుకునే వివేచనను మనకిచ్చినందుకు ఆయన నామానికి మహిమ కలుగును గాక.

ఆ వివేచన కోసమే మా ఇంట్లో ఏడాదిగా మొర పెడుతున్నాం.

మాది ఇబ్రహీంపట్నం. నేను ఒకేసారి రెండు డిగ్రీలు చదువుతున్నాను. మామూలు రోజుల్లో ఊళ్లోని కాలేజీలో బిజినెస్. ఆదివారం ఆరాధన ముగియగానే బస్సెక్కి ఎల్బీనగర్ దాటి దూరవిద్య కేంద్రానికి పోయి సైకాలజీ. ఆదివారాల్లో నా సంచిలో పరిశుద్ధ గ్రంథమూ సైకాలజీ పుస్తకమూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి పెరిగినదాన్ని కాబట్టి, మనసు గురించి మనుషులు రాసినవి చదివితే విశ్వాసం పలచబడుతుందని సంఘంలో కొందరు అక్కలు భయపెట్టారు. బాపు మాత్రం నవ్వాడు.

"బ్యారం జేయాల్నంటే రెండు సదువులూ గావాలె బిడ్డా. ఒకటి తక్కెడ సూసెతందుకు, ఒకటి మొకం సూసెతందుకు."

బాపుది ఉల్లిగడ్డల వ్యాపారం. తెల్లవారకముందే మలక్‌పేట గంజ్ మార్కెట్‌కు పోయి ట్రాలీ ఆటోలో బస్తాలు వేసుకొచ్చి, తుర్కయాంజాల్ కాలనీల్లో తిరిగి అమ్మేవాడు. అరిచి అరిచి గొంతు పుండవుతుంటే, అందరు బండ్లవాళ్లలాగే తన కేకను ఒకసారి ఫోన్లో రికార్డు చేసి ఆటో నెత్తిన ఉన్న మైకుకు ఎక్కించాడు. వంటింట్లో, అమ్మ తాలింపు వేస్తుండగానే చేశాడు. జాగ్రత్తగా వింటే వెనక చిటపటలు కూడా వినిపిస్తాయి.

"ఉల్లిగడ్డలు... ఉల్లిగడ్డలమ్మా... ఎర్ర ఉల్లిగడ్డలు, ఎండిన ఉల్లిగడ్డలు... బిరాన రాండ్రి తల్లీ... మళ్ల రాను, పోతున్న..."

తాళం తిప్పగానే మైకు దానంతటదే మొదలయ్యేలా వైరు కలిపి పెట్టుకున్నాడు.

పోయిన వానాకాలంలో బాపు గుండె ఆగి చనిపోయాడు. బస్తా దించబోతూ కూర్చుండిపోయాడు, అంతే. ఊరవతల శ్మశానంలో మట్టి చేశాం. అమ్మ కూడా పిడికెడు మట్టి వేసింది. ఏడవలేదు. సంఘపు స్త్రీలు పట్టుకుని ఏడ్పించాలని చూశారు. అమ్మ వాళ్ల చేతులు మెల్లగా తీసేసి, చెప్పులు ఎక్కడ విడిచిందో వెతుక్కుంది.

మూడో రోజు ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. వాకిలి నిండా జనం. పాస్టరయ్య ప్రార్థన చేస్తున్నారు, అందరివీ కళ్లు మూసి ఉన్నాయి. అదే సమయంలో పక్కింటివాళ్లు బండి బయటకు తీసుకోవాలంటే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఆటోను పక్కకు జరపడానికి పోయి తాళం తిప్పాడు. మైకు సంగతి ఆయనకు గుర్తు లేదు.

"ఉల్లిగడ్డలు... ఉల్లిగడ్డలమ్మా..."

ప్రార్థన మధ్యలో ఆగింది. ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. ఎవరూ ఎవరినీ చూసుకోలేదు, అందరూ గేటు వైపే చూశారు. అమ్మ ఒక్కతే కళ్లు మూసుకుని, కొంగు తల మీద అలాగే ఉంచుకుని, రోజూ వంటింట్లోంచి పలికినట్టే పలికింది.

"ఆఁ... వస్తున్న."

అప్పటి నుంచి నాకున్న భయం ఒక్కటే. బాపు ఎలాగూ తిరిగి రాడు. అమ్మ కూడా రాకుండా పోతుందేమో.

ఆటోను మామ నడపసాగాడు. గొంతు మాత్రం బాపుదే. అమ్మ కూడా రోజూ బండి మీద పోవడం మొదలుపెట్టింది. మామ పక్కన ఇరుక్కుని కూర్చుని, మైకుతో మాట్లాడేది. చాటుగా కాదు, ఇంట్లో మాట్లాడినంత మామూలుగా.

"మళ్ల రానంటవ్. రోజూ వస్తనే ఉంటివి గదా! సిగ్గు లేదు నీకు" అని నవ్వేది.

కాలనీ ఆడవాళ్లు ఆమె తమాషా చేస్తోందనుకుని నవ్వేవారు. "ఏందక్కా, మీ ఆయన ఫోన్ల నుంచే సంసారం జేస్తుండా?" అని ఒకామె అంటే, అమ్మ కొసరు ఉల్లిగడ్డ వేస్తూ, "ఇంట్ల కన్న గిట్లనే మంచిగ మాట్లాడుతడు" అంది. నవ్వని మనిషి మామ ఒక్కడే.

ఆదివారం ఆరాధనకు మాత్రం రావడం మానేసింది. నేను తయారై గుమ్మంలో నిలబడి పిలిస్తే, "మీ బాపు బండి మీదున్నడు. ఆయనొచ్చినంక ఇద్దరం గలిసి వస్తం, నువ్ నడువు" అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో తేడా ఏమీ ఉండేది కాదు. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చెబుతున్నట్టు ఉండేది.

"అమ్మా, బాపు..." అని నేను మొదలుపెడితే, "నాకెర్క లేదా? మట్టేసింది నేను గాదా?" అని కసురుకునేది. కానీ చనిపోయాడు అన్న మాట ఆమె నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు.

ఆ రోజుల్లోనే బిజినెస్ క్లాసులో మా సారు, బోర్డూ షాపూ లేని చిన్న వ్యాపారిని జనం ఎలా గుర్తు పెట్టుకుంటారని అడిగారు. నేను లేచి, మా ఆటో గొంతు గురించి చెప్పాను. బాపు లేడన్నది చెప్పలేదు. సారు మెచ్చుకున్నారు. "ఎప్పటికీ ఆ గొంతు మార్చకండి. మనిషి మారినా గొంతు మారకపోతే గిరాకీ మారదు" అన్నారు.

ఆ ఆదివారమే సైకాలజీ క్లాసులో దుఃఖం గురించిన పాఠం. పోయినవారి గొంతు వినిపించినట్టు అనిపించడం మామూలే, దానికి బెదరకూడదు, కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది అని మేడం చెబుతున్నారు. నేను చెయ్యెత్తాను.

"మేడం, అనిపించడం కాదు. నిజంగానే వినిపిస్తుంది. రోజూ, మైకులో."

మేడం చేతిలోని మార్కర్ బోర్డు దగ్గరే ఆగిపోయింది. సంగతంతా చెప్పాను. ఆమె మార్కర్‌కు మూత పెట్టి, "బలవంతంగా తీసేయకండి. ఆమెంతట ఆమే వదలాలి. కానీ ఒంటరిగా ఉంచకండి" అన్నారు. పుస్తకంలో దీనికి పేరేముందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పాస్టరయ్యది వేరే మాట. మృతులను పలకరించడం దేవుడు సహించడని లేఖనం చెబుతుంది, అది నేనూ ఎరుగుదును. ఆయన ఇంటికొచ్చి మామకు చెప్పారు. మామ విశ్వాసి కాదు. ఆటో ముందు నిమ్మకాయ మిరపకాయలు కట్టే మనిషి. అయినా చేతులు కట్టుకుని విన్నాడు.

"తీస్త అయ్యగారూ, నాకేం సరదనా? పొద్దుగాల్నే సచ్చిపోయిన బావ నెత్తి మీద ఒర్లుతుంటే బండి నడుపుడు నాకు మాత్రం మంచిగుంటదా? గాని నాది కాకి గొంతు. ఎవలొస్తరు?"

మర్నాడు నిజంగానే తన గొంతు పెట్టుకుని బయలుదేరాడు. ఆ గొంతు వినగానే అమ్మ బండి ఎక్కలేదు. గడప మీద కూర్చుంది. అన్నం ముట్టలేదు, పలకలేదు, ఎండ ముఖం మీదికి వచ్చినా జరగలేదు. మామ సాయంత్రం వచ్చి ఆమెను చూసి, నా వైపు ఒక్క చూపు చూసి, పాత గొంతే తిరిగి పెట్టాడు. అది విని అమ్మ లేచి కాళ్లు కడుక్కుంది. ఆ రాత్రి మోకాళ్ల మీద నేనేం అడిగానో నాకే తెలియదు.

కొన్ని వారాలకు, స్నేహితురాలి ఇంటి నుంచి వస్తూ పెద్ద అంబర్‌పేట్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. మిట్టమధ్యాహ్నం, హైవే మీద లారీల మోత. ఆ మోత సందుల్లోంచి బాపు పిలిచాడు.

"బిరాన రాండ్రి తల్లీ..."

బాపు బతికుండగా ఒక్కరోజు కూడా ఆ దిక్కుకు బండి తేలేదు. గొంతు దగ్గరికి వచ్చింది, నన్ను దాటింది, సర్వీసు రోడ్డు వెంట పోయింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. వెనక తాలింపు చిటపటలు. మా వంటింటి చిటపటలు.

ఇంటికొచ్చి మామను నిలదీశాను. ఆయన తల గోక్కున్నాడు.

"దోస్తు అడిగిండు, ఫోన్ల పంపిన. వాడు ఇంకోనికి పంపిండట. మంచాల ఊరి దిక్కు గుడ పోయిందంటున్నరు. గొంతేమన్న అరిగిపోతదా బిడ్డా? బండ్లోళ్లం అందరం గట్లనే ఇచ్చి పుచ్చుకుంటం."

నిజమే, వాళ్లలో అది మామూలు. మంచి కేక ఉంటే ఒకరిది ఒకరు వాడుకుంటారు, ఎవరిదని అడగరు. అమ్మకు చెప్పవద్దనుకున్నాం.

సెలవుల్లో నేనూ బండి మీద పోయాను, బస్తాల మీద కూర్చుని. తుర్కయాంజాల్‌లో అపార్ట్‌మెంట్ల వరుస మధ్య మామ బండి ఆపి, మైకు ఆపి, తూకం వేస్తున్నాడు. ఎండ తెల్లగా కాస్తోంది. మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎవరో తాడుకు కట్టిన బుట్టను కిందికి దించుతున్నారు.

అప్పుడు వెనక వీధిలోంచి వినిపించింది.

"ఉల్లిగడ్డలు... ఉల్లిగడ్డలమ్మా..."

అమ్మ తలెత్తి మా మైకును చూసింది. అది మూగగా ఉంది. బండి దిగింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆ గొంతు వైపు నడవసాగింది. నేను దూకి వెంటపడ్డాను. ఇవేవీ గమనించని మామ తూకం ముగించి తాళం తిప్పాడు. వెనక నుంచి కూడా బాపు మొదలయ్యాడు. ఒకడు "ఎర్ర ఉల్లిగడ్డలు" అంటుంటే ఒకడు "మళ్ల రాను" అంటున్నాడు. అపార్ట్‌మెంట్ గోడలు రెండింటినీ కలిపి, విడగొట్టి, మా మీదికి విసురుతున్నాయి. అమ్మ మూలమలుపులో నిలబడి అటూ ఇటూ తల తిప్పుతోంది. పక్కనే ఇంకో బుట్ట నేల దాకా దిగి, కింద బండీ లేక మనిషీ లేక అలాగే ఊగుతోంది.

రెండో ఆటో మలుపు తిరిగి అమ్మ ముందు ఆగింది. నడిపే అతను పల్లీలు నములుతూ, "ఎన్ని కిలలక్కా?" అన్నాడు.

"గీ గొంతెవరిది?" అంది అమ్మ.

"ఎవనిదో, నాకేం ఎర్క? ఫోన్ల వచ్చింది. దీనికి మస్తు గిరాకీ ఉంటదక్కా."

"మనిషి ఉన్నడా?"

"ఉండే ఉంటడు, ఏడనో ఓ కాడ."

"లేడు" అంది అమ్మ. "నా పెనిమిటి గొంతది. సచ్చిపోయిండు."

అతని దవడ ఆగిపోయింది. చెయ్యి చాపి మైకు ఆపేశాడు. అప్పుడు అమ్మ నడివీధిలో కూలబడి ఏడ్చింది. ఎన్ని నెలల ఏడుపో. నేను పట్టుకున్నాను. వెనక మా మైకు ఇంకా పిలుస్తూనే ఉంది. ఎవరో అరిస్తే మామ ఆపాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్తాల మీద నా పక్కనే కూర్చుని అమ్మ అంది: "నేను ఎన్ని అడిగిన బిడ్డా దాన్ని! తిన్నవా అన్న. యాడున్నవ్ అన్న. ఒక్కదానికి జవాబియ్యలే. మనిషైతే ఇస్తుండె గదా."

ఆ ఆదివారం అమ్మ ఆరాధనకు వచ్చింది. పాటల్లో గొంతు కలిపింది, ప్రార్థనలో ఏడ్చింది. సంఘమంతా దేవుణ్ణి స్తుతించింది. బండి మీద పోవడం మానేసింది. మామ ఆ గొంతునే వాడుకుంటున్నాడు, అమ్మే వాడుకొమ్మంది. మేడంతో చెబితే సంతోషించారు. నేనూ సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడ్డాను.

అయితే మొన్న ఉదయం జరిగింది రాయకుండా ఆపితే ఈ సాక్ష్యం అబద్ధమవుతుంది. అమ్మ వంటింట్లో బీరకాయ తరుగుతోంది. మామ ఆటో వచ్చి సరిగ్గా మా గేటు ముందు ఆగింది. మైకు కిటికీకి ఎదురుగా ఉంది. గిన్నెల మీది మూతలు అదిరేంత గట్టిగా బాపు పిలుస్తున్నాడు. అమ్మ కత్తి ఆపలేదు. తల తిప్పలేదు. ఆ గొంతు మా ఇద్దరి మధ్య నిండి ఉండగానే, మామూలుగా నన్ను అడిగింది.

"ఏంది, మీ మామ బండి ఇయ్యాల ఇంక రాలే?"

నేను ఆమె ముఖం చూశాను. హాస్యం లేదు. మామ లోపలికి వస్తూ చెప్పులు విడిచిన చిన్న చప్పుడు మాత్రం ఆమెకు వినిపించింది. "ఎప్పుడొచ్చినవ్‌రా?" అంది.

ఇది స్వస్థతా, లేక వేరే ద్వారం మూసుకోవడమా, నా రెండు చదువులూ చెప్పలేకపోతున్నాయి. బిజినెస్ పుస్తకానికి దీనితో పని లేదు. సైకాలజీ పుస్తకంలో రెండు మూడు మాటలు దగ్గరగా వస్తాయి గానీ, అమ్మ ముఖం పక్కన పెడితే సరిపోవు. నాకు తెలిసిన తలుపు ఇంకొక్కటే ఉంది. మీరు ఏ ఊళ్లో ఉండి ఇది చదువుతున్నా సరే, కాసేపు కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి: ప్రభువా, ఈ స్త్రీ చెవిని నీ చేతితో ముట్టు. ఆమె వినవలసింది వినేలా, విన్నా నిలబడగలిగేలా చెయ్యి. ఆమెను మా మధ్య ఉంచు. ఆమేన్ అనండి.