ఉయ్యాలకు పనికొచ్చిన చేతులు

ప్రభువు ప్రేమించిన నా సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను ఈ మైకు దగ్గర నిలబెట్టిన దేవునికే మహిమ! నాకు ఇళ్ళ గుమ్మాల ముందు నిలబడటం అలవాటే గాని మైకు ముందు నిలబడటం అలవాటు లేదు, మాట అటూ ఇటూ పోతే ఓర్చుకోండి. నా పేరు ఎస్తేరు. మాది ఇక్కడి భాలుబాసా బస్తీ. మా తాతలు శ్రీకాకుళం నుంచి కార్ఖానా పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు, మా ఆయన కూడా కార్ఖానాలో కాంట్రాక్టు పనే చేస్తారు. పెళ్ళయిన చాలా కాలానికి దేవుడు మాకొక ఆడపిల్లను ఇచ్చాడు. మూడో నెల నిండకుండానే జ్వరం వచ్చి ఆ చిట్టితల్లి మమ్మల్ని విడిచి వెళ్ళిపోయింది. ఆ బిడ్డ పేరు ఇక్కడ చెప్పను, చెబితే ఈ సాక్ష్యం పూర్తి చెయ్యలేను.

బిడ్డ పోయిన దుఃఖం ఒక ఎత్తయితే, ఆ తర్వాత జరిగింది ఇంకో ఎత్తు. మన వైపు ఆచారం మీకు తెలియనిది కాదు, అన్యుల ఇళ్ళలోదని తోసెయ్యకండి, మన విశ్వాసుల ఇళ్ళలోనూ ఉంది. పుట్టిన బిడ్డను మొదటిసారి ఉయ్యాల్లో వేసే చెయ్యి, బిడ్డలు బతికిన తల్లి చెయ్యే అయి ఉండాలి! బిడ్డ పోయినదాని చెయ్యి ఉయ్యాలకు పనికిరాదు. నన్ను ఎవరూ పొమ్మనలేదు, పొమ్మనలేక పొగబెట్టినట్టు, ఉయ్యాల వేడుకకు వెళ్ళీ వెళ్ళగానే "ఎస్తేరూ, ఆ సెనగలు ఉడికినాయో నేదో సూడవా" అని వంటింట్లోకి పంపేసేవారు. సెనగలు ఉడకబెట్టి పొట్లాలు కట్టడంలో ఈ ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరు, కావాలంటే అడగండి! ఒకసారి మా చిన్నాన్న కూతురి బిడ్డను ముద్దొచ్చి ఎత్తుకున్నాను, ఆ పిల్ల పరుగున వచ్చి, పసివాడి చేతిలోంచి గాజుగ్లాసు లాక్కున్నట్టు నా చేతిలోంచి బిడ్డను లాక్కుంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చి ఏడ్చాను.

సహోదరులారా, పదిమందీ ఒకే మాట అంటుంటే అది మన లోపలికి కూడా దిగిపోతుంది. నా చేతుల్లోనే ఏదో చెడు ఉందని నేనే నమ్మడం మొదలుపెట్టాను. పక్కింట్లో పసిబిడ్డ ఏడిస్తే నా చేతులు వణికేవి, పట్టుకున్న చెంబు కింద పడిపోయేది. చర్చికి వస్తే తలుపు దగ్గర, ఆ వెనక బెంచీలో కూర్చునేదాన్ని, ఏ బిడ్డయినా కేరుమంటే చప్పున బయటికి పోవడానికి వీలుగా ఉంటుందని. తర్వాత రావడం కూడా మానేశాను. మా ఆయన బతిమాలేవారు, కోప్పడేవారు, చివరికి ఒక్కరే చర్చికి వెళ్ళేవారు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం, ఆయన డ్యూటీకి వెళ్ళాక, లేచి కూర్చుని ప్రార్థన చేశాను. ప్రార్థన అనడం కంటే పోట్లాట అనాలి. "ప్రభువా, నా ఒడి ఖాళీ చేశావు, సరే. మరి ఈ చేతులు ఎందుకు మిగిల్చావు? వీటికి పని చెప్పు! పని లేకపోతే నన్ను తీసుకుపో! ఈ రెండింట్లో ఏదో ఒకటి తేలేదాకా నేను నిన్ను వదలను" అని గట్టిగా అరిచాను. మా అమ్మ నన్ను మొండిఘటం అనేది, ఆ మొండితనమంతా ఆ రోజు దేవుడి మీదే చూపించాను. ఆయన కోపగించుకోలేదు, స్తోత్రం!

ఆ వారంలోనే మన పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చారు. ఇంటింటికీ తిరిగి పసిపిల్లల తల్లులకు సాయం చేసే ఒక సంస్థ ఉందట, తెలుగూ హిందీ రెండూ వచ్చిన మనిషి కావాలట, "ఎస్తేరమ్మా, నువ్వు చెయ్యరాదా" అన్నారు. పసిపిల్లలా! పని అడిగిన మాట నిజమే గాని ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు ఇదా! సాక్చీ బజారులో కూరలమ్మే పని చెప్పినా ఆనందంగా చేసేదాన్ని కదా! ఆ రాత్రి మా ఆయన ఒక్క మాటే అన్నారు: "అడిగింది నువ్వే గదే. ఇచ్చింది పుచ్చుకోవా మరి?" తెల్లారి లేచి చీర కట్టుకుని వెళ్ళి ఒప్పుకున్నాను.

మా పని ఏమిటో చెబుతాను. మేము మందులివ్వం, సూదులు వెయ్యం. కడుపుతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు రెండో ఏడు నిండేదాకా ఆ ఇంటికి వెళ్తూ ఉంటాం. తల్లి పాలిచ్చేటప్పుడు పక్కన కూర్చుని చూస్తాం, పాపతో మాట్లాడమంటాం, ఆడించమంటాం, ఆరో నెల నిండాక మొదటి ముద్ద ఎలా కలపాలో చెబుతాం, ఏదైనా తేడా కనబడితే ఆసుపత్రికి పంపిస్తాం. తలుపు తీసినా వెళ్తాం, తియ్యకపోయినా మళ్ళీ వెళ్తాం. నేర్పేటప్పుడు గుడ్డబొమ్మను ఇచ్చారు, దాంతో బాగానే చేశాను, బొమ్మ ఏడవదు కదా. నిజమైన బిడ్డ దగ్గరికి వెళ్ళేసరికి నా చేతులు మళ్ళీ వణికాయి. అందుకని ప్రతి గుమ్మం దగ్గరా ఆగి "ప్రభువా, ఈ ఒక్క గుమ్మం దాటించు" అని అడిగేదాన్ని. దాటాక బిడ్డను తల్లి చేతిలోనే ఉంచి అన్నీ నోటితోనే చెప్పేదాన్ని. అలా తప్పించుకుంటూ తిరిగాను చాలా కాలం.

అప్పుడు దేవుడు నన్ను ఖర్‌కాయీ నది దాటించి ఆదిత్యపూర్‌లో ఒక ఇంటికి పంపాడు. ఆ ఇంటి పెద్దామె పేరు అప్పలనరసమ్మగారు. కొడుకు అక్కడే ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, కోడలు పూజ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, అత్తగారు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. ఆ పూజకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఎంత చిన్న ప్రాణమో! బిడ్డను తల్లి గుండెలకు, ఒంటికి ఒళ్ళు తగిలేలా ఆనించి ఉంచమని చెప్పి ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపారు. నేను చలికాలంలో ఒక ఉదయం సంచీ భుజాన వేసుకుని వెళ్ళాను. అప్పలనరసమ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. భాలుబాసాలో ఆవిడకు చుట్టాలున్నారట, నా సంగతంతా ముందే చేరిపోయింది.

"నువ్వేటీ అనుకోకమ్మా. నీకు బిడ్డ పోయిందట కదా. మా పిల్లగుంటకి అసలే ఊపిరి నేదు, నీ సెయ్యి దానికి తగలనివ్వను" అన్నారు.

ఆవిడ మాటలో కోపం లేదు, భయం ఉంది. అందుకే అది మరీ గుచ్చుకుంది. తిరిగి ఆటోలో వస్తూ, వంతెన మీద, ఇక ఈ పని మానేస్తానని నిశ్చయించుకున్నాను. కానీ సహోదరీలారా, వంతెన దాటేలోగా నా మొండితనం లేచి కూర్చుంది! చెయ్యి తగలకూడదన్నారు గాని మాట తగలకూడదనలేదు కదా! మర్నాడే మళ్ళీ వెళ్ళాను. "పెద్దమ్మా, నాను లోపలికి రాను. ఈ గుమ్మం బైటే కూకుంటాను. ఇక్కణ్ణించి సెప్తాను, మీరు సెయ్యండి" అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక గోనెపట్టా తెచ్చి బయట పరిచారు.

అలా నేను గుమ్మం బయట కూర్చుని నా గుడ్డబొమ్మను నా గుండెలకు ఆనించుకుని చూపించేదాన్ని, లోపల మంచం మీద పూజ తన బిడ్డను అలాగే ఆనించుకుని "దీదీ, ఐసే?" అంటూ ఇలాగేనా అని అడిగేది. గదిలో ఒక మూల బోర్సీ ఉండేది. బోర్సీ అంటే తెలుసు కదా, చలికి పెట్టుకునే నిప్పుల కుండ. బిడ్డకు వెచ్చగా ఉంటుందని తలుపులన్నీ మూసి ఆ పొగలోనే పడుకోబెట్టేవారు. ప్రేమతో చేసే పొరపాటే అది, మన ఇళ్ళన్నిటిలో ఉంది. "పెద్దమ్మా, పిల్లకి ఏడి కావాలి గాని పొగొద్దు. తల్లి ఒంటికన్నా మంచి బోర్సీ ఉందేటి?" అని వెళ్ళినప్పుడల్లా అన్నాను. ఆవిడ వినలేదు. మళ్ళీ అన్నాను. చివరికి ఒకనాడు విసుక్కుంటూ "నీ నోరు పడ" అని ఆ కుండను తెచ్చి నా పక్కనే బయట పెట్టారు. "ఇంద, నువ్వే కాసుకో" అన్నారు. హల్లెలూయా అన్నాను మనసులో, చేతులు కూడా కాచుకున్నాను!

ఇలా జరుగుతుండగా ఒక ఉదయం వెళ్ళేసరికి ఇల్లంతా కలవరంగా ఉంది. పూజకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వస్తే తెల్లవారగానే కొడుకు ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాడు, బిడ్డ నాయనమ్మ దగ్గర ఉండిపోయింది. "పాలు పట్టనేదు, ఏడవనూ నేదు, నిద్దరోతందనుకున్నాను" అన్నారు అప్పలనరసమ్మగారు. నేను బయటి నుంచే "పెద్దమ్మా, అరికాళ్ళు ముట్టి సూడండి" అన్నాను. ఆవిడ ముట్టుకున్నారు, ముఖం పాలిపోయింది. "ఓలమ్మో, సల్లగున్నాయే!" పాలు తాగని బిడ్డ, ఏడవని బిడ్డ, చల్లబడిన బిడ్డ! ఇంక ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. వీధిలోకి పరుగెత్తి ఆటోను ఆపాను. "పెద్దమ్మా, పిల్లని మీ ఒంటికే ఆనించుకోండి. మీరు పిల్లని పట్టుకోండి, నాను మిమ్మల్ని పట్టుకుంటాను. నా సెయ్యి దానికి తగల్దు" అన్నాను.

ఆటోలో ఆవిడ బిడ్డను రవికలో పెట్టుకున్నారు, నేను నా శాలువా తీసి ఇద్దరికీ చుట్టి, ఆవిడ భుజాలు గట్టిగా పట్టుకుని పైకే ప్రార్థన మొదలుపెట్టాను. "ప్రభువా, నా బిడ్డ పోయినప్పుడు నువ్వెందుకు ఊరుకున్నావో నేను అడగను, ఇవాళ అడగను. ఈ బిడ్డను ఉంచు! నా చేతులు వద్దంటే వద్దు, నీ చెయ్యి చాపు!" వంతెన మీదికి వచ్చేసరికి నదిగాలి కొట్టింది. ఆవిడది ఎముకలు లెక్కపెట్టగలిగే ఒళ్ళు, పైగా భయంతో వణికిపోతున్నారు. ఒక్కసారిగా శాలువా తీసేసి నా వైపు తిరిగారు.

"ఒలే, నా ఒంట్లో ఏడి నేదే! పిల్ల సల్లబడిపోతంది. నువ్వట్టుకో! బేగి పట్టుకో తల్లీ!"

ఆ బిడ్డను నా చేతుల్లో పెట్టారు. సహోదరులారా, నా చేతులు వణకలేదు! దేవునికే మహిమ, నా చేతులు వణకలేదు! రవిక హుక్కులు తీసి ఆ బిడ్డను నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకుని చీర చుట్టి, శాలువా కప్పి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. కాసేపటికి ఆ చిన్న నోరు కదిలింది. పాల కోసం వెతికింది. పాలు లేని నా గుండెల దగ్గర వెతికింది! నాకు దుఃఖం ముంచుకొచ్చింది, సంతోషమూ ముంచుకొచ్చింది. గోడవైపు తిరిగి పడుకున్న రోజుల నుంచీ లోపల గడ్డకట్టినదంతా ఆ ఆటోలో కరిగి కారిపోయింది. ఆసుపత్రిలో బిడ్డను తీసుకుంటూ డాక్టరమ్మ "ఇలా ఒంటికి ఆనించి తెచ్చారు కాబట్టి నిలిచింది" అంది. ఆ మాట చెవిన పడ్డాక అప్పలనరసమ్మగారు నేల మీద కూలబడి నా చెయ్యి పట్టుకున్నారు, చాలాసేపు వదలలేదు. తర్వాత తల్లీ కోలుకుంది, బిడ్డా కోలుకుంది.

బిడ్డ కాస్త ఒళ్ళు చేశాక ఉయ్యాల వేడుక పెట్టారు. పూజ ఫోన్ చేసి "దీదీ, ఆనా హీ హై" అంది, రావాల్సిందేనట. వెళ్ళాను. వెళ్ళి ఏం చేశానో తెలుసా? అలవాటు ఎక్కడికి పోతుంది, తిన్నగా వంటింట్లోకి పోయి సెనగల గిన్నె ముందు కూర్చున్నాను! అప్పలనరసమ్మగారు ముందుగదిలోంచి కేకేశారు.

"ఎస్తేరూ! ఆ సెనగలు ఎవులైనా కడతారు గాని నువ్విలా రా. పిల్లని ఉయ్యాల్లో నువ్వెయ్యాల."

గదినిండా ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్ద వయసు చుట్టం ఒకావిడ మెల్లగా "అదేటే నరసమ్మా, బిడ్డ బతికినోలు కదా ఎయ్యాల?" అంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అప్పలనరసమ్మగారు మనవరాలిని రెండు చేతులతో ఎత్తి అందరికీ చూపించారు.

"అవును, బిడ్డ బతికినోలే ఎయ్యాల. ఇదిగో, దీని సేతుల్లో బతికిన బిడ్డ! ఇంకేటి కావాల మీకు?"

అంటూనే బిడ్డను తెచ్చి నాకందించారు. ఈ చేతులతోనే, ఇదిగో, ఈ రెండు చేతులతోనే ఆ బిడ్డను ఉయ్యాల్లో వేశాను.

సాక్ష్యం చివర నేను నా సొంత బిడ్డను ఎత్తి చూపిస్తానని మీలో కొందరు ఎదురుచూస్తున్నారేమో. లేదు, మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ఇస్తే స్తోత్రం, ఇవ్వకపోయినా స్తోత్రం! ఆయన నన్ను విడిపించింది భయం నుంచి, ఆ విడుదల చాలు, రేపు పొద్దున్న మళ్ళీ సంచీ తగిలించుకుని వెళ్తాను, ఇంకా చాలా గుమ్మాలున్నాయి. సువార్తలో ఎండిపోయిన చెయ్యి ఉన్న మనిషిని మన ప్రభువు వెనక్కి పొమ్మనలేదు, అందరి మధ్యలోకి పిలిచి చెయ్యి చాపమన్నాడు. మీ చెయ్యి ఎందుకూ పనికిరాదని ఎవరన్నా, మీకు మీరే అనుకున్నా, ఆయన వైపు చాపండి. ఆయనను నమ్మండి, నేను నమ్మి చూశాను!

చివరిగా ఒక్క మనవి చేసి దిగిపోతాను. ఇక్కడ పసిబిడ్డల్ని ఎత్తుకుని కూర్చున్న తల్లులారా, ఆరాధన అయ్యాక తొందరపడి ఇళ్ళకు వెళ్ళకండి. ఆ వెనక బెంచీ దాకా నడవండి. తలుపు పక్కన తల వంచుకుని కూర్చున్న ఆ చెల్లెళ్ళ చేతుల్లో మీ బిడ్డను కాసేపు పెట్టండి. ఆమేన్.