పోటీ బ్రౌజరూ, ఎదురు సెంటరూ

మా ఆయనకి దేవుడంటే పెద్దగా నమ్మకం లేదు గానీ బ్రౌజరంటే ఉండేది. ఆ రోజుల్లో చిలకలూరిపేటలో హైవే పక్కన మాకో నెట్ సెంటర్ ఉండేది. ఇంటర్నెట్ చూడటానికి రెండు బ్రౌజర్లు ఉండేవి. కంప్యూటరుతోపాటే వచ్చే పెద్ద కంపెనీది ఒకటి, దానికి పోటీగా వచ్చింది ఇంకొకటి. మా ఆయన రెండోదాని పార్టీ. రిజల్ట్స్ చూసుకోవడానికి వచ్చిన ఇంటర్ పిల్లల్ని కూడా కూర్చోబెట్టి ఏది ఎందుకు గొప్పో చెప్పేవాడు. వాళ్ళకి కావలసింది పాసా, ఫెయిలా అన్నదొక్కటే. నాకు కావలసింది వాళ్ళు గంట దాటి కూర్చుంటారా లేదా అన్నది.

ఒకరోజు పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త పడింది. ఆ పెద్ద కంపెనీ పోటీ బ్రౌజరుని కొనేసే ఆలోచనలో ఉందట. మా ఆయనకి అన్నం సహించలేదు. ఇదెంత అన్యాయమో మా మామగారి దగ్గర మొత్తుకున్నాడు. మామగారు పత్తి రైతు. పేటకి పని మీద వచ్చినప్పుడల్లా మా సెంటర్లో ఏసీ కింద ఒక కునుకు తీసి వెళ్ళేవారు.

"ఆ బ్రౌజరు ఎంతకి అమ్ముతారురా?" అన్నారు.

"అమ్మరు నాన్నా, ఊరికే ఇస్తారు."

"ఊరికే వచ్చేదాన్ని డబ్బులు పోసి కొనేదేందిరా?"

 జవాబు కోసం ఆగకుండా మామగారే తేల్చారు. "మన జిన్నింగు మిల్లుల యవ్వారమేరా ఇది. ఎనక రెండు మిల్లులుండేయి. ఒకడు పత్తిలో తేమ ఉందని ధర కోస్తే ట్రాక్టరు రెండోవాడి వైపు తిప్పేవాళ్ళం. గేటు దాటకముందే తేమ ఆరిపోయేది. తర్వాత పెద్దోడు చిన్నోడి మిల్లు కొన్నాడు. నడుపుతాడనుకున్నాం. తాళమేశాడు. ఆనాటి నుంచి ఎండాకాలం పత్తిక్కూడా తేమే."

"అందుకే కొననివ్వకూడదు" అన్నాడు మా ఆయన, ఆపే అధికారం తన చేతిలో ఉన్నట్టు.

వారం తిరక్కుండా ఎదురు సెంటరాయన కబురు పంపాడు. రోడ్డుకి అవతల ఆయనది మాకంటే చాలా పెద్ద సెంటర్. మాది కొంటానన్నాడు. మా ఆయన మండిపడతాడనుకున్నాను. వెలిగిపోయాడు.

"అంతటివాళ్ళు మనల్ని అడిగారంటే చిన్న విషయమా? నన్ను మేనేజరుగా పెట్టుకుంటారట" అన్నాడు.

"మరి బ్రౌజరు?"

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

అన్నాళ్ళూ చెప్పిన శ్రీరంగనీతులన్నీ ఏ గంగలో కలిశాయో. నాకు ఒళ్ళు మండింది. మా సెంటర్లో కౌంటర్ నాది. డిగ్రీ చేసి, పెళ్ళయ్యాక ఏళ్ళ తరబడి పోపులు పెట్టాక దొరికిన పని అది. కౌంటర్లో నేనుంటానని చుట్టుపక్కల ఆడపిల్లలు తోడు లేకుండా వచ్చేవాళ్ళు. అది పోతే మళ్ళీ పొయ్యి ముందుకే. తలుచుకుంటే ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపం వచ్చింది.

ఆదివారం ఎదురు సెంటరాయన బేరానికి వచ్చాడు. మిర్చి వ్యాపారంలో పుట్టి పెరిగిన మనిషి. ఆ వ్యాపారంలో పాతకాపులు ధర పైకి చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్ళు పట్టుకుని తేల్చుకుంటారు. పక్కవాడికి తెలియదు. కంప్యూటర్ల మధ్య కూర్చుని కూడా ఆయన అదే పద్ధతి పెట్టాడు. మా ఆయన చెయ్యి తువ్వాలు కిందకి పోయింది. లోపల వేళ్ళు కదులుతున్నాయి, పైన మా ఆయన మొహం విచ్చుకుంటోంది. ధర ఎంతవరకు వచ్చిందో నాకు తెలిసే దారి లేదు.

"అన్నయ్యగారూ, కొన్నాక దీన్ని నడుపుతారా?" అని అడిగాను.

"ఎదురెదురుగా రెండెందుకు చెల్లెమ్మా? మూసేద్దాం. నువ్వూ హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు."

ఏసీ కింద మామగారు కళ్ళు తెరిచారు. "చెప్పలా, తాళమని" అని మళ్ళీ మూసుకున్నారు.

నేను మా ఆయన్ని పక్కకి జరగమని, ఆ కుర్చీలో కూర్చుని, తువ్వాలు కిందకి చెయ్యి చాపాను. "సెంటర్లో సగం నాది. నాతో ఆడండి బేరం."

ఆయన కరెంటు కొట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఆడవాళ్ళ చెయ్యి పట్టుకుని బేరమేందమ్మా? బాగుండదు."

"చెల్లెమ్మా అన్నారుగా, పట్టుకోండి. లేదంటే నోటితో చెప్పండి, అందరం వింటాం."

పాపం, అది ఆయన వల్ల కాలేదు. బుద్ధెరిగాక ఎన్నడూ ధర పైకి చెప్పి ఉండడు. నోరు తెరిచాడు, మూశాడు, మా ఆయన వైపు దీనంగా చూశాడు. చివరికి తువ్వాలు భుజాన వేసుకుని మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. రాలేదు.

మేనేజరు ఉద్యోగం పోయిందని మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. బ్రౌజరు సంగతి ఏమైందో కూడా పట్టించుకోలేదు. ఈలోపు ఎదురు సెంటర్లో గంట రేటు తగ్గించి బోర్డు పెట్టారు. మేమూ తగ్గించాం. వాళ్ళు ఇంకాస్త తగ్గించారు. పేటలో పిల్లలకి పండగ, మాకు జనరేటర్లో డీజిలు పోయించడం కూడా గండమే. ఇదంతా నీ వల్లేనని మా ఆయన రోజూ సణిగేవాడు. అవును, నా వల్లేనని రోజూ కౌంటర్లో కూర్చునే ఒప్పుకునేదాన్ని.