వెన్ను మీద రెండు సుడులు

తొంభైల చివర్లో మేము ఉక్కు కర్మాగారం పక్కన నిర్వాసితుల కాలనీలో ఉండేవాళ్లం. మా ఆయనకు పోర్టులో ఉద్యోగం. నేను కాలనీ బడిలో సైన్సు చెప్పేదాన్ని. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా చుట్టాలంతా నగరంలో సీతమ్మధార వైపు ఇళ్లు చూసుకున్నారు. బడికి దగ్గరని మేము ఇక్కడే ఉండిపోయాం. కాలనీలో మిగిలినవాళ్లు ఫ్యాక్టరీ కోసం పొలాలూ ఊళ్లూ ఇచ్చేసి, కొలిచి ఇచ్చిన స్థలాల్లో ఇళ్లు కట్టుకున్న రైతులు. పొలాలు పోయినా పశువుల్ని మాత్రం వదల్లేదు. కాంపౌండు గోడ వెంబడి, రైలు పట్టాల పక్కన, గడ్డి మొలిచిన ప్రతిచోటా వాళ్ల ఆవులూ గేదెలూ మేస్తుండేవి.

ఏటా అమ్మవారి పండగకు అక్కడ తీర్థం జరిగేది. జాతరను ఆ వైపు తీర్థమంటారు. ఒక ఏడాది పాల సంఘం వాళ్లు తీర్థంతో పాటు పశువుల ప్రదర్శన కూడా పెట్టాలనుకున్నారు. నిబంధనలు తయారు చేయడానికి ముగ్గురం కూర్చున్నాం. పాల సంఘం అధ్యక్షుడు, పశువుల డాక్టరు, నేను. నా చేతిరాత బాగుంటుందని అధ్యక్షుడు నన్ను పిలిచాడు. మూఢనమ్మకాల మీద నేను పత్రికలకు వ్యాసాలు రాస్తానని ఆయనకు తెలియదు. తెలిసుంటే ఇంకో చేతిరాత వెతుక్కునేవాడు.

మొదటి నిబంధనలకు ఎవరికీ పేచీ లేదు. టీకాలు వేయించిన పశువునే తేవాలి. పాడి ఆవుతో దూడ కూడా ఉండాలి. పాలు చేపడానికి ఇంజెక్షను ఇవ్వకూడదు. పుళ్లు, గాయాలు, కాల్చిన వాతలు ఉన్న పశువును గేటు దగ్గరే ఆపేస్తారు. ఈ చివరిది డాక్టరు రాయించాడు. అప్పట్లో పశువుకు కాలు నొప్పైనా, కడుపుబ్బినా, మేత తినకపోయినా ఇనుప ఊచ కాల్చి వాత పెట్టేవాళ్లు. ఆ నిబంధనను నేను గట్టిగా సమర్థించాను. ఈ రోజుకీ సమర్థిస్తాను.

ఆ తరువాత అధ్యక్షుడు గొంతు సవరించుకుని చెప్పాడు. "సుడి దోసం ఉన్న పశువుని తేకూడదు. అది రాయండి మేడమ్."

సుడి అంటే ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటు. మన నడినెత్తిన ఉండేదే. పశువుకు అది ఎక్కడుందో చూసి, కొన్నవాడికి కలిసొస్తుందో, కొంప మునుగుతుందో చెప్పేస్తారు. వెన్నుకు అటొకటి, ఇటొకటి ఉంటే దాన్ని పాడె సుడి అంటారు. ఆ పశువు కట్టిన ఇంట్లోంచి శవం లేస్తుందట.

ఈ నిబంధన ఎవరి కోసమో కాలనీలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. మా వీధి చివరింటి ఆమె ఆవుకు వెన్ను మీద రెండు సుడులు. ఆవును కొన్న ఏడాదిలోపే ఆమె భర్త సైకిలు మీద పనికి వెళ్తూ లారీ కింద పడి పోయాడు. లారీకి బ్రేకులున్నాయా, డ్రైవరు నిద్రపోయి ఎన్నాళ్లయింది, ఆ రోడ్డు మీద దీపాలెందుకు లేవు, ఒక్కరూ అడగలేదు. లారీ ఎవరిదని కూడా అడగలేదు. అందరూ వచ్చి ఆవు వెన్ను చూసి వెళ్లారు. కర్మకాండ అయిపోయాక ఒక్కో ఇల్లూ ఆమె దగ్గర పాలు మానేసింది. చివరికి మా ఇల్లొకటే మిగిలింది. ఒక్క ఇంటి వాడిక పాల డబ్బుతో ఆవు మేత కూడా రాదు.

"ఇది తీసేద్దామండీ," అన్నాను.

"ఏటి తీసీడం? మా తాతల కాడ్నించీ ఉన్నాదిది."

"మీ తాతల కాలంలో ప్రదర్శన ఉందా?"

"ప్రదర్శన నేదు. సుడి ఉన్నాది."

డాక్టరు గోదావరి జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. నవ్వొస్తే రుమాలుతో మూతి తుడుచుకునేవాడు. అప్పుడూ అదే పని చేశాడు.

చిన్నప్పుడు మా నాన్న నన్ను సంస్కరణ సభలకు వెంట తీసుకెళ్లేవాడు. ఎదుటివాడి వాదాన్ని ఎదుటివాడి సరుకుతోనే పడగొట్టాలని అక్కడ నేర్చుకున్నాను. అధ్యక్షుడితో ఒక మాట అన్నాను. సుడి చూడడం నిజంగా ఒక విద్యే అయితే, తెలిసిన ముగ్గురు ఒకే పశువును చూసి ఒకే మాట చెప్పాలి. చెబితే నిబంధన ఉంచుదాం. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, తన ఆవునే వాకిట్లో కట్టించాడు. నిండుగా, నున్నగా ఉండే తెల్లావు. బహుమతి దానికేనని అప్పటికే అందరూ అనుకుంటున్నారు.

సుడులు చూడడంలో పేరున్న ముగ్గురు ముసలివాళ్లను పిలిచాం. ఒకరు చెప్పేది ఇంకొకరికి వినబడకుండా ఒక్కొక్కరే వచ్చి చూసి, డాక్టరు చెవిలో చెప్పి వెళ్లారు. డాక్టరు వాటిని రాసుకుని అందరి ముందూ చదివాడు. మొదటి ఆయన గొడుగు సుడి ఉంది, రాజయోగం అన్నాడు. రెండో ఆయన మంచీ లేదు, చెడూ లేదు అన్నాడు. మూడో ఆయన కంటి కింద కన్నీటి సుడి ఉంది, ఈ ఇంటి ఆడది ఏడుస్తుంది అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ అధ్యక్షుడి భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది. "ఏడుపుకి సుడెందుకు? ఈయన సాలడేటి?"

అంతా నవ్వారు. అధ్యక్షుడి ముఖం మాడిపోయింది. "ఆ ముసిలోడికి కళ్లు అవుపడవు. తీసీండి మేడమ్ ఆ రూలు. రేపు నా ఆవుకే అడ్డొచ్చీలాగుంది."

తీసేశాను. అలా నిబంధన పోయింది. ఆ వాకిట్లో హేతువు గెలిచిందని నేననుకున్నాను. నిజానికి అక్కడ గెలిచింది తెల్లావు.

అక్కణ్నించి నేరుగా చివరింటికి నడిచాను. ఆమె చుట్టింట్లో ఆవుకు కుడితి పెడుతోంది. ముప్పై దాటని మనిషి. పిల్లల్లేరు. భర్త తమ్ముడు, వెల్డింగు షాపులో పనిచేసేవాడు, ఆ ఇంట్లోనే ఉండేవాడు. విషయం చెప్పాను.

"అయితే నెంబరు కడతారేటి దీనికి?" అంది.

"కడతారు. అందరితో పాటే లోపల నిలబడుతుంది."

"బహుమానం వొద్దు మేడమ్. మెళ్లో నెంబరు ఏసి, అందరి ముందూ ఒక్క పూట నిలబెడితే సాలు. ప్రదర్శనకి పనికొచ్చిన ఆవని అంటారు. మళ్లీ పాలు పోయించుకుంటారు." కుడితి తొట్టిలోంచి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "నేకపోతే మా మరిది అమ్మీమంటన్నాడు. ఆవుంటే ఇది నా ఇల్లు. ఆవుని అమ్మీసినాక నాను ఈ ఇంట్లో ఒవుర్ని? పుట్టింటికి పొమ్మంటాడు. అక్కడ మాత్రం ఒవులున్నారు?"

"సుడి ఏమీ చెయ్యదని నీకు తెలుసు కదా?"

"తెల్సు మేడమ్. ఆయన్ని తొక్కింది లారీ. ఆవు ఆ పొద్దు ఇంటికాడే ఉన్నాది. కానీ పాలు కొనీది నాను కాదు గదా."

తీర్థం నాటి ఉదయం ఫుట్‌బాలు మైదానంలో గుంజలు పాతి తాళ్లు కట్టారు. గేటు దగ్గర డాక్టరు బల్ల వేసుకుని ఒక్కో పశువునూ చూసి లోపలికి పంపిస్తున్నాడు. నేను పక్కన కూర్చుని నెంబరు అట్టలు ఇస్తున్నాను. ఆమె, ఆమె మరిది ఆవును తోలుకొచ్చారు. కొమ్ములకు రంగు, నుదుట బొట్టు, వెన్ను మీద పసుపు రంగు కొత్త గుడ్డ. దూడ తల్లి పొట్టకు ఆనుకుని నడుస్తోంది. ఆమె కోసం ముందే తీసిపెట్టిన అట్టను నేను చేతిలోకి తీసుకున్నాను.

డాక్టరు వెన్ను మీద గుడ్డ ఎత్తాడు. ఎత్తి అలాగే పట్టుకున్నాడు.

వెన్నుకు అటూ ఇటూ చర్మం కాలి, పొర లేచి, ఎర్రగా తడిగా ఉంది. పైన పసుపూ బూడిదా మెత్తారు. ఈగలు లేచి మళ్లీ వాలాయి. గుడ్డ తగిలినప్పుడల్లా ఆవు ఒళ్లంతా జలదరించుకుంటోంది.

"ఏం చేశారయ్యా ఇది?" అన్నాడు డాక్టరు.

"సుడి కాల్చీసినాం బాబు," అన్నాడు మరిది. మంచి పని చేసినవాడి గొంతు అది. "షాపులో ఊచ ఎర్రగా కాల్చి రెండు దెబ్బల్లో తీసీసినాను. ఇప్పుడు సూడండి, సుడి నేదు."

"సుడి ఉన్నా పంపించేవాళ్లం. ఆ రూలు తీసేశాం. ఇలా కాల్చి తెస్తే మాత్రం పంపించను."

"అదేటి బాబు, సుడి ఉన్నా పరవాలేదు, నేకపోతే పనికిరాదా?"

వెనక వరసలో వాళ్లు నవ్వారు. నేను ఆమె వైపు తిరిగాను. "నిబంధన తీసేశామని నీతో చెప్పాను కదమ్మా. ఎందుకు కాల్పించావు?"

"మీరు కాయితం మీద తీసీసినారు మేడమ్. నాను ఆవు మీద తీసీసినాను. కాయితం నా పాలు కొనదు గదా."

డాక్టరును బతిమాలాను. జీవితంలో నిబంధనలకు మినహాయింపు అడగడం నాకు అలవాటు లేదు. ఆ రోజు అడిగాను. ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, ఈ ఆవుకు జ్వరం ఉంది. దీన్ని ఎండలో గుంజకు కడితే సాయంత్రానికి పడిపోతుంది. ఇంకో మాట. దీనికి నెంబరు కడితే వచ్చే ఏడాదికి ఈ కాలనీలో ఎన్ని పశువులకు వెన్ను కాలుస్తారో మీరే చెప్పండి."

ఆయన మాటలో తప్పు లేదు. నా చేతిలో అట్టను బల్ల మీద పెట్టేశాను. ఆమె అది చూసింది. ఆవును వెనక్కి తిప్పి, గేటు బయట కరెంటు స్తంభానికి కట్టి, నీడ కోసం తానే దాని పక్కన కొంగు పట్టుకుని నిలబడింది. డాక్టరు మనిషిని పంపి మందు తెప్పించి, అక్కడే పుండు కడిగి కట్టు వేశాడు.

లోపలికి వెళ్లే ప్రతివాడూ ఆ స్తంభం దాటుకునే వెళ్లాలి. మధ్యాహ్నానికి కథ తయారైంది. మిఠాయి బండి దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను.

"మేడమ్ గారు పోట్లాడి రూలు తీయించీసినా దాన్ని గేటు దాటనివ్వలేదు, సూసినావా బావ?"

"మరేటనుకున్నావ్? అదీ సుడంటే. కాల్చినా పోదు."

సాయంత్రం బహుమతులు ఇచ్చాక వందన సమర్పణకు నన్ను మైకు దగ్గరికి పిలిచారు. వందనాలు పక్కన పెట్టి లారీ గురించి మాట్లాడాను. మనిషిని చంపిన ఇనుమును వదిలేసి, గడ్డి తినే జంతువు వెంట్రుకల మీద కేసు పెట్టిన ఊరు ఇదొక్కటే అన్నాను. ముగ్గురు పెద్దలు తెల్లావును చూసి చెప్పిన మూడు జాతకాలనూ చదివాను. బాగా మాట్లాడాననే చెప్పాలి. నవ్వాల్సిన చోట నవ్వారు, చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే ఒకాయన, "అదరగొట్టీసినారు మేడమ్," అన్నాడు. ఆమె దగ్గర మొదట పాలు మానేసింది ఆయనే. మర్నాడు పొద్దున ఆమె పాలగిన్నెతో ఆయన గుమ్మం ముందు నిలబడితే, ఆయన భార్య లోపల్నుంచే, "ఇయ్యాల వొద్దు," అంది. ఆ మర్నాడూ అదే మాట.

డాక్టరు మోటారు సైకిలు మీద వస్తూ పోతూ పుండు కడిగేవాడు. అది మానింది. మానడమే ఆమెకు శాపమైంది. మునుపు పాడె సుడి కనబడాలంటే దగ్గరికొచ్చి వెంట్రుకలు చూడాలి. ఇప్పుడు కాలిన చోట వెంట్రుకలు మొలవక, అరచెయ్యంత బోడి మచ్చలు రెండు వీధి మొదటి నుంచే కనబడేవి. జ్వరంలో సగానికి పడిన పాలు మళ్లీ పెరగలేదు.

ఒక ఆదివారం మరిది పశువుల దళారిని తీసుకొచ్చాడు. కబురు విని నేనూ వెళ్లాను. దళారి ఆవు పళ్లు చూశాడు, పొదుగు తడిమాడు. తరువాత అరచేతిని వెన్ను మీదికి తెచ్చి మచ్చల మీద ఆపాడు.

"ఇక్కడేటుండీది?"

"కాకులు పొడిసీసినాయి," అన్నాడు మరిది చప్పున.

"సానా నెక్కగా పొడిసినాయి కాకులు. అటొక పోటు, ఇటొక పోటు." దళారి చెయ్యి తీసేశాడు. "పాడికి దీన్నెవుడూ కొనడు. లారీకైతే ఏసుకుంటాను."

లారీ ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. ఆవు గోమాత అని నేనెన్నడూ అనుకోలేదు. మనిషి తినేదాన్ని మనిషి తినడం మీద నాకు అభ్యంతరమూ లేదు. కానీ ఇంకా అయిదారు ఈతలు ఈనగల పాడి ఆవు అది. దాన్ని మేమే కొంటామన్నాను. కట్టడానికి మాకు గజం స్థలం లేదని, మేపడం చేతకాదని మరిదికి తెలుసు. "మీకెందుకు మేడమ్ ఈ గొడవ," అన్నాడు. ఆమె పలుపు విప్పి దళారి మనిషి చేతికిచ్చి ఇంట్లోకి వెళ్లింది. దూడ మేత మేస్తోంది కాబట్టి దాన్ని ఉంచేశారు. పెయ్యదూడ. అదైనా ఉంటే ఈ ఇంట్లో నిలబడతానని ఆమె మరిదితో అంటుంటే విన్నాను.

తల్లి వెళ్లిన సాయంత్రం దూడ ఒకటే అరిచింది. వీధిలో ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చారు. ఓదార్చడానికి వచ్చారనుకుని నేను పక్కకు జరిగాను. వాళ్లు దూడ చుట్టూ చేరారు. ఒకామె వంగి దాని వెన్ను మీద వెంట్రుకల్ని వేళ్లతో విడదీయడం మొదలుపెట్టింది. దూడ గింజుకుంది. చివరింటి ఆమె లోపల్నుంచి వచ్చి, నా వైపు చూడకుండా, మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంది. దూడ కదలకుండా దాని మెడ చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుంది.

"సూడండి," అంది. "బాగా సూసి సెప్పండి."