కట్ట మీది తుమ్మచెట్లు

మా చెరువు అనంతసాగరం దగ్గరే. తుఫాను వానలకు ముందు కట్ట మీద పెరిగిన సర్కారు తుమ్మ కొట్టించడం ఏటా ఉండే పని. వేర్లు లోపలికి పాకితే కట్ట గుల్లవుతుంది. చెరువు సంఘం తరఫున ఆ పని చేయించాల్సింది నేను. దసరాలోపే ముగించాలి. ఆ తరువాత కొంగలు, నీటికాకులు వచ్చి ఆ చెట్ల మీదే గూళ్ళు కడతాయి.

పోయినేడాది ఎండ తగ్గనీ, కూలీలు దొరకనీ అంటూ కార్తీకం దాకా ఈడ్చాను. నిజానికి ఆ చెట్ల కింద నిలబడటమే నాకు గిట్టదు. ఆకులన్నీ రెట్టలతో తెల్లగా ఉంటాయి. ముక్కు మూసుకున్నా కుళ్ళిన చేపల కంపు ఆగదు.

తుఫాను వస్తోందని ఇరిగేషన్ అధికారి ఫోన్ చేశాడు. సాయంత్రానికి శుభ్రం చేసిన కట్ట ఫోటోలు పంపమన్నాడు. అప్పటికప్పుడు కూలీలను పిలుచుకొని పోయాను. గొడ్డలి పట్టినతను పైకి చూసి ఆగాడు.

“అన్నా, గూళ్ళల్లో పిల్లలుండాయి.”

“ఉంటే ఏంది? ఎగిరిపోతాయిలే.”

“రెక్కలే రాలా, యాడికి ఎగిరేది? నువ్వేమన్నా నేర్పిస్తావా?”

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. “కొట్రా” అన్నాను.

మొదటి చెట్టు నీళ్ళ వైపు పడింది. పెద్ద కొంగలు అరుస్తూ లేచిపోయాయి. పిల్లలు బురదలో పడ్డాయి. సరిగా ఈకలు కూడా లేవు. పల్చటి చర్మం కింద పొట్టలు కొట్టుకుంటున్నాయి. కొన్ని కదలనే లేదు. అయినా రెండో చెట్టు కొట్టించాను. దాని కొమ్మను పక్కకు లాగబోతే, అందులో ఇరుక్కున్న పిల్ల నోరు తెరిచి సగం అరిగిన చేపలన్నీ నా చొక్కా మీద కక్కింది. కొంగపిల్ల భయపడితే అంతే. వెచ్చగా, జిగటగా కడుపు మీదికి జారింది. నాకు డోకు వచ్చి అక్కడే కూలబడ్డాను.

“అన్నకి చేపల పులుసు పెట్టిందిరోయ్!” అంది కంప మోసే ఆమె.

“చాలు, ఆపండి. పోదాం” అన్నాను.

ఆ రోత భరించలేక ఆపించాను. పిల్లలు నాకు గుర్తే లేవు. కొట్టిన చోటు మాత్రం ఫోటో తీసి పంపాను. మేము కట్ట దిగేలోపే కుక్కలు బురదలోకి దిగాయి. తోలడానికి కూడా వెనక్కి పోలేదు.

తుఫాను పక్కకు పోయింది. మిగిలిన చెట్ల మీది పిల్లలకు రెక్కలొచ్చాయి. ఒక ఆదివారం చర్చి బయట పాస్టరుగారు నా భుజం తట్టారు. “మూగజీవాల మీద కనికరపడి పని ఆపించినావంట గదా నాయనా!”

“దేవుని కృప అయ్యగారూ” అన్నాను.

పక్కనే చెప్పులు వేసుకుంటున్న గొడ్డలి మనిషి తలెత్తి చూశాడు.

ఇంట్లో నా భార్య అన్నం వడ్డించి కూర్చుంది. “ప్రార్థన చెయ్యి, చల్లారిపోతాంది.” కళ్ళు మూసుకున్నాను. ఇందాక అబద్ధమాడిన నోరు. దాంతోనే దేవుణ్ణి ఎట్లా పిలిచేది? చివరికి ఆమే ప్రార్థన చేసింది.