చౌల్దారీ చర్చిలో చదవని పేజీ

అండమాన్‌లో మన తెలుగు చర్చి ఉందనీ, ఈ ఆదివారమే దాని వార్షికోత్సవమనీ జంగ్లీఘాట్‌లో మా లాడ్జి యజమాని చెప్పాడు. అది చూడకుండా వైజాగ్ ఓడెక్కబుద్ధి కాలేదు. ఉదయం ఆరున్నరకి ఇడ్లీ తిని బస్సెక్కాను. టికెట్ ముప్పై రూపాయలు. పక్క సీట్లో పెద్దావిడ, ఒళ్లో పూలబుట్ట.

"చర్చికా భయ్యా? నాతో దిగండి, రాస్తా సూపిత్తాను" అంది.

ఏడున్నరకి చౌల్దారీలో దిగాం. పొలాల పక్కన చెక్కగోడల చర్చి. ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో! పూలావిడ నన్ను సంసోను తాతకి అప్పగించింది. ఏటా ఈ రోజున చర్చి చరిత్ర పుస్తకం చదివేది ఆయనే. ఈసారి చూపు ఆనడం లేదు. నర్సుగా పనిచేసే మనవరాలు రోజీకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. నేను చదివితే హిందీ అక్షరాల్లో రాసుకుని చర్చిలో తనే చదువుతానంది.

టీ తాగుతూ మొదలుపెట్టాం. సిక్కోలు తీరం నుంచి వచ్చిన కుటుంబాలు, టార్పాలిన్ కింద మొదటి ప్రార్థన, నడిచొచ్చే మిషన్ పాస్టరు, చాతం కలప మిల్లు నుంచి తెచ్చిన చెక్క పలకలు. చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఒక పేజీ దగ్గర మాత్రం చదవడం ఆపేశాను. చర్చి గోడకని తెచ్చిన పలకల్ని సంసోను తాత తండ్రి సొంతింటికి వాడుకున్నాడట. ఆ వానాకాలమంతా సంఘం తడుస్తూ ప్రార్థన చేసుకుందట.

"ఆగిపోనావేటి బాబూ? ఆ పేజీ వచ్చిందా?" అన్నాడు తాత. "అయ్య పరువు పోద్దని ఏటా నానే దాటేసినాను."

రోజీ పెన్ను ఆపింది. "తాతా, రాయాలా, ఛోడ్ దూ?"

"రాయమ్మా. నాను పోయేలోగా ఓపాలి నిజం వినిపించాల."

పదింటికి ఆరాధన మొదలైంది. రోజీ ఆ పేజీ కూడా దాటేయకుండా చదివింది. తాత తల దించేసుకున్నాడు. అనవసరంగా వేలు పెట్టానేమో అనిపించింది.

పూలావిడ లేచింది. "సంసోనన్నా, తలెత్తు. ఆ పేజీ రాసింది మా అయ్యే. ఇక్కడ అందరికీ మాలూమే. నువ్వు నోరిప్పేదాకా ఎవులూ అడగొద్దని అయ్య సెప్పి పోనాడు."

మధ్యాహ్నం అందరితో చేపల పులుసు భోజనం. తాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. "పొద్దుటేల నుంచి ముద్ద దిగలేదు బాబూ" అని నవ్వాడు.

మూడింటి బస్సులో తిరిగొస్తూ ఆ ఊరి మనుషుల గురించే ఆలోచించాను. చర్చిల చరిత్రలు చాలా చదివాను. ఊరంతటికీ తెలిసీ, చెప్పాల్సినవాడు చెప్పేదాకా ఓపిక పట్టిన చరిత్ర ఇదొక్కటే.