సమాధి రాతి మీద అమ్మ వయసు

అమ్మ పోయిన నెలకు సమాధి రాయి చేయించడానికి అన్నా నేనూ నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లాం. అక్కడ దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాళ్లే మా క్రైస్తవుల సమాధి పలకలూ చెక్కుతారు. సగం చెక్కిన నరసింహస్వామి పక్కన స్టూళ్లు వేసి కూర్చోబెట్టాడు శిల్పి. అమ్మ పేరు రాసుకున్నాడు. ‘ప్రభువునందు నిద్రించెను’ అని మమ్మల్ని అడక్కుండానే వేసుకున్నాడు. తర్వాత తలెత్తకుండా అడిగాడు.

"ఏండ్లెన్నమ్మా?"

మా ఇద్దరికీ తెలియదు.

అన్న సంచిలోంచి కార్డులు తీశాడు. ఓటరు కార్డు ప్రకారం అరవై ఆరు, రేషన్ కార్డు ప్రకారం డెబ్బై మూడు. ఆధార్‌లో ఇంకో లెక్క, పుట్టిన తేదీ జనవరి ఒకటి. పుట్టినరోజు తెలియని వాళ్లందరికీ వేసే జనవరి ఒకటి.

"ఈ జనవరి ఒకటి ఎన్ని రాళ్ల మీద కొట్టినానో నాకే తెలీదు," అన్నాడు శిల్పి. "ఏదో ఒకటి ఖాయం చేసి చెప్పండి. కొట్టినాంక చెరపనీకి కాదు."

నేనేం పని చేస్తానో ఇక్కడ చెప్పాలి, సిగ్గుగానే ఉంది. రోమన్ల కాలపు సమాధి రాళ్లు చదవడం నా పని. లాటిన్, గ్రీకు నేర్చుకున్నది అందుకే. ఏ దేవుళ్లకు మొక్కారు, ఏ భాషలో ఏడ్చారు, పోయిన భార్యను ఏమని పిలిచారు, ఇరవై ఏళ్లుగా ఇదే గొడవ. ఆ రాళ్ల మీద వయసులు చాలావరకు ముప్ఫై, నలభై ఐదు, అరవై, ఇలా ఐదుల, పదుల దగ్గరే ఆగుతాయి. సరిగ్గా తెలియక ఉజ్జాయింపుగా చెక్కించేవాళ్లు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా నేనొక జోకు వేసేదాన్ని: "కన్నతల్లి వయసు తెలియదు గానీ రాయి మాత్రం ఘనంగా నిలబెట్టారు." పిల్లలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఎంత పొగరు నాది.

"డెబ్బై అని కొట్టించు, పోనీ," అన్నాడు అన్న. "ఎవురు లెక్కేస్తారు?"

"ఉజ్జాయింపు వద్దు. సరిగ్గా కనుక్కుందాం," అని కసిరాను.

"యాడ కనుక్కుంటావ్? ఎవురుండారు మనకు?"

ఎవరూ లేరు. అమ్మకున్న ఒక్క అక్క, పగిడ్యాల పెద్దమ్మ, అమ్మకంటే ముందే పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు సెలవులకు వచ్చి నంద్యాల ఇంట్లో కూర్చుని ఒక వ్యాసం దిద్దుకుంటున్నాను. అది కూడా ఈ సమాధుల వయసుల మీదే. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. జీవితమంతా పిల్లల హాస్టల్లో వంట చేసిన మనిషి, సంతకం తప్ప రాయడం రాదు.

"ఏందీ చేస్తాండావ్ పాపా?"

"పాతకాలమోళ్ల ఏండ్లు లెక్కేస్తాండా మా."

"అట్లయితే నావి గూడా లెక్కేయి. నేను పుట్టిన యేడు కుందూ ఏటికి..."

"రేపు చూద్దాంలే మా," అన్నాను, కాగితం మీంచి కళ్లు తీయకుండా.

అమ్మేమీ నొచ్చుకోలేదు. లేచి వెళ్లి చిక్కుడుకాయలు ఒలుచుకుంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ యేడు కుందూకు వరదొచ్చిందో, చుక్క నీళ్లు లేకుండా ఎండిపోయిందో. ఆ ఒక్క మాట వినుంటే ఎక్కడో ఒకచోట వెతికి ఆ సంవత్సరం పట్టుకునేదాన్ని. నాకు వచ్చిన పని అదొక్కటే. శిల్పి ముందు ఏడవకూడదనుకున్నాను గానీ ఏడుపు ఆగలేదు. ఆయన పెన్సిలు చెక్కుకోసాగాడు.

"డెబ్బై అని కొట్టన్నా," అన్నాను శిల్పితో.